కూతపెట్టె సువర్ణరాజు

సువర్ణరాజు మొలలోంచి బీడీల రేకుడబ్బా తీసి మామిడిచెట్టు మొదట్లో పెట్టాడు. వేలి రాగి ఉంగరం తిప్పి తిప్పి ఊడదీసి డబ్బా మూత మీద ఉంచాడు. మిలిటరీ చొక్కాకున్న ఇత్తడి గుండీలు ఒక్కొక్కటీ తీసి రుమాల్లో మూట కట్టాడు. చివరికి చెప్పులు కూడా విడిచాడు. వాటి అడుగున మేకులున్నాయి. పని మొదలుపెట్టే ముందు ఒంటి మీద లోహపుముక్క అన్నది లేకుండా చూసుకోవడం అతనికి పొద్దున్నే మొహం కడుక్కున్నంత అలవాటు. గుండీలు లేని చొక్కా గాలికి తెరుచుకుంటే, నలభై నిండని మనిషికి అప్పుడే ఎముకలు తేలిన రొమ్ము కనిపించింది.

మృగశిర తొలివాన పడి వెలిసింది. తోటలో ఎర్రగరప నేల తడిసి మెత్తబడింది. రసాల కోతలు అయిపోయాయి. చెట్ల మీద చిలకలు కొరికి వదిలేసిన కాయలు తప్ప ఏమీ మిగల్లేదు. కింద రాలి పగిలిన పండ్ల మీద ఈగలు ముసురుతున్నాయి.

అతను బరువైన పెట్టెను వీపుకు తగిలించుకుని, చెవిదొప్పలు సరిచేసుకుని, మీట తిప్పాడు. తేనెటీగల రొద లాంటిది మొదలైంది. దాన్ని మెల్లగా తగ్గించుకుంటూ, వినీ వినపడని సన్నని ధ్వని మిగిలేదాకా తెచ్చి ఆపాడు. తల కొంచెం ఎడమవైపు వాల్చి వినడం అతని తీరు. పెట్టె లేనప్పుడు కూడా, అన్నం తింటున్నప్పుడు కూడా, ఆ తల అలాగే వాలి ఉంటుంది.

ఆ పెట్టె వల్లే ఆగిరిపల్లి నుంచి ముసునూరు దాకా అతన్ని కూతపెట్టె సువర్ణరాజు అంటారు. యుద్ధంలో సాపర్ల పటాలంలో చేరి ఇటలీ దాకా వెళ్ళాడు. శత్రువు వెనక్కి పోతూ రోడ్ల కింద పాతిపెట్టిన మందుపాతరలు వెతకడం అతని పని. లారీలన్నీ వెనక నిలిచి ఉంటే, ఇద్దరు ముగ్గురు మనుషులు పళ్ళెంలాంటి తీగచుట్టను నేలకు ఆనీ ఆనకుండా ఊపుతూ ముందు నడిచేవాళ్ళు. చెవిలో కూత లేస్తే కాలు ఎక్కడిది అక్కడే ఆగాలి. దారి బాగుందని చెప్పాక లారీలు దుమ్ము రేపుకుంటూ వాళ్ళను దాటి వెళ్ళిపోయేవి.

యుద్ధం ముగిశాక మద్రాసులో మిలిటరీ పాతసామాన్లు వేలం వేస్తుంటే, తుక్కులో అలాంటి పెట్టె ఒకటి కనిపించింది. ఎందుకు కొన్నాడో అప్పట్లో అతనికే తెలియదు. బెజవాడలో రేడియోలు బాగుచేసే దుకాణంలో దానికి ప్రాణం పోయించుకుని ఇంటికి తెచ్చాడు. మామిడితోటల్లో కూలిపని లేని రోజుల్లో రైతులు అతన్ని పిలవసాగారు. దుక్కిలో ఊడిపోయిన నాగలికర్రు, బండిచక్రం సీల, గడ్డిలో పడిపోయిన కొడవలి వెతికి ఇచ్చేవాడు. ఒకసారి ఒక కొత్తకోడలు పారేసుకున్న ముక్కుపుడక కోసం రెండు పూటలు వెతికాడు. అది దొరకలేదు. ఇప్పటికీ ఆ దారిన పోతే అతని చూపు నేల మీదే ఉంటుంది.

ఈ రోజు తెచ్చిన చుట్ట మాత్రం వేరు. బండిచక్రానికి కాస్త చిన్నదిగా వెదురుబద్దను గుండ్రంగా వంచి, దాని మీద రాగితీగ చుట్టి, పైన గుడ్డపేలికలు బిగించి మైనం పూశారు. తీగ చుట్టింది అతని భార్య అమృతమ్మ. ఒక వరస మీద ఇంకో వరస ఎక్కకూడదని అతను చెబితే, జడ అల్లినంత ఓపిగ్గా, మూడు సాయంత్రాలు కూర్చుని చుట్టింది.

చిన్నచుట్టకి మేకు కూడా వినిపిస్తుంది. కానీ మూరెడు లోతు దాటితే అది చెవిటిదే. చుట్ట పెద్దదయ్యేకొద్దీ దాని చెవి లోతుకి దిగుతుంది, పైపై మేకుల్ని పట్టించుకోదు. అయితే దాని తిప్పలు దానికున్నాయి. అది బరువు. ఎక్కడికక్కడ ఒకే ఎత్తులో పోనీయకపోతే ఎర్రమట్టిలో కలిసున్న ఇనుపరజనే అరిచి చెవులు చిల్లులు పొడుస్తుంది. గబగబా ఊపితే పలకదు. పలికినా అంత పెద్ద గుండ్రంలో ఏ మూలనుంచి పలికిందో ఒక పట్టాన తేలదు.

ఇదంతా సవరమ్మ కోసం. సవరమ్మ ఈ తోటలోనే కాయలు ఏరే కూలిమనిషి. పాతికేళ్ళ కిందట, ఇది ఇంకా తోట కాని రోజుల్లో, ఇక్కడ ఒక మోటబావి ఉండేది. ఆమె భర్త పోలయ్య అందులోకి దిగి పూడిక తీస్తుండగా ఒడ్డు విరిగి మీద పడింది. గిలక, దాని ఇరుసు, నీళ్ళు తోడే ఇనపబాన అన్నీ కూలిన మట్టి మీదికి జారిపోయాయి. మనిషిని పైకి తీయలేకపోయారు. అప్పటి యజమాని, ఇంకెవరైనా పోతారన్న భయంతో, బావిని పూడ్పించి నేల చదును చేయించాడు. సవరమ్మ అప్పుడు కాన్పుకి పుట్టింట్లో ఉంది. చంటిపిల్లను ఎత్తుకుని వచ్చేసరికి బావి లేదు, భర్త లేడు. పొలమంతా మామిడిమొక్కలకు గుంటలు తీసి ఉంది. ఎక్కడ అని అడిగితే, ఎవరి భయం వాళ్ళది కాబట్టి, ఒక్కొక్కరు ఒక్కో దిక్కు చూపించారు.

ఆ మొక్కలు చెట్లయ్యాయి. యజమానులు మారారు. సవరమ్మ ప్రతి కోతలకూ ఇక్కడే పనిచేసింది. తోటలో ఆమె అడుగు గట్టిగా వేయదని, దొంగపిల్లిలా నడుస్తుందని తోటి కూలీలు నవ్వేవాళ్ళు. కూతురికి చింతలపూడిలో పెళ్ళి చేసింది. వచ్చి తమతో ఉండమని కూతురూ అల్లుడూ ఎన్నిసార్లు పిలిచినా కదల్లేదు.

ఇప్పుడు తోట నారాయణరావుగారిది. ఆయన ఆయిలు ఇంజను పెట్టాలని తోటలో కొత్తనుయ్యి తవ్వించబోతున్నారు. ఆ మాట విన్న రోజునుంచి సవరమ్మకి నిద్ర లేదు. తవ్వేవాళ్ళ గునపం ఎవరికి తగులుతుందోనని ఆమె దిగులు. సువర్ణరాజు ఇంటికొచ్చి గుమ్మం బయట కూర్చుని అదే చెప్పుకుంది. తను కిందటేడే ఆ తోటలో చిన్నచుట్టతో వెతికానని, మేకులు తప్ప ఏమీ పలకలేదని అతను చెప్పి పంపించేశాడు.

ఆమె వెళ్ళాక అమృతమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చింది.

"నువ్వు ఇటలీలో ఉన్నప్పుడు ఒక చలికాలమంతా జాబు లేదు. గుర్తుందా?"

"జాబులు పోయేయి కావు అప్పట్లో."

"నాకేం తెలుసు పోయేయో పోయేవి కావో? ఏ రోడ్డు కింద ఉన్నావో అనుకుంటా అన్నం తిన్నాను నేను. ఆవిడ పాతికేళ్ళనుంచీ తింటోంది. ఏదో ఒకటి చెయ్యి."

అలా తయారైంది పెద్దచుట్ట.

దాన్ని ఒక్కడు మోయలేడు. చుట్టకు అడ్డంగా వెదురుగడ కట్టి, రెండో కొస ఇంకొకరు పట్టుకోవాలి. నారాయణరావుగారు పంపిన పాలేరు మొలతాడుకి వెండితాయెత్తు, చెవులకి పోగులు ఉన్నాయి. అతను దగ్గరకొస్తేనే చెవిదొప్పల్లో గోల పుట్టింది. తాయెత్తు తీయనన్నాడు. చెట్టు కింద కూర్చున్న సవరమ్మ లేచింది.

"నేను పట్టుకుంటా."

"నీవల్ల కాదు పెద్దమ్మా. బరువు."

"బరువు నాకు కొత్తా? నువ్వు ఒంటి మీద ఏమీ లేని మనిషి కావాలంటున్నావుగా." ఆమె చేతులు రెండూ చాపి చూపించింది. గాజులు లేని చేతులు, కడియాలు లేని కాళ్ళు, బోసిమెడ. "నా ఒంటి మీద ఏముంది నాయనా? ఆ రోజే అన్నీ తీసేశారు."

సువర్ణరాజు గడ కొస ఆమెకి అందించాడు.

ఆమె నడక చూసి అతనికి ఆశ్చర్యం కలిగింది. నిండు గంపలు నెత్తిన పెట్టుకుని ఏళ్ళ తరబడి నడిచిన ఒళ్ళది. నడుము కింద కాళ్ళు కదులుతాయి గాని పైన ఏదీ కదలదు. చుట్ట నేలకి బెత్తెడు ఎత్తులో, తొణకని నీళ్ళలా సాగింది. పటాలంలో కూడా ఇంత నిలకడగా నడిచిన జోడీ అతనికి దొరకలేదు.

అందరూ ఎక్కువగా చూపించేది తూర్పుగట్టు కాబట్టి అక్కడ మొదలుపెట్టారు. ఒక పట్టీ నడవడం, నడిచినంత మేరా ముగ్గుపిండి గీత పోయడం, పక్క పట్టీ సగం దీని మీదికి వచ్చేలా మళ్ళీ నడవడం. చెట్ల వేళ్ళు ఎత్తుగా లేచినచోట చుట్టనూ అంతే ఎత్తాలి. ఎర్రమట్టి గొణుగుతూనే ఉంది. ఆ గొణుగుడు వెనక ఇంకేదైనా ఉందా అని వినడమే పని. నారాయణరావుగారు నూతికి గుర్తుపెట్టించిన చోట రెండు వైపులనుంచీ నడిచారు. ఏమీ లేదు.

"ఏమన్నా అంటోందా?" అని సవరమ్మ ప్రతి పట్టీ చివరా అడిగింది.

"లేదు పెద్దమ్మా."

ఎండ నడినెత్తికి వచ్చాక చెట్టు కింద కూర్చున్నారు. ఇద్దరూ ఆమె తెచ్చిన గంజి తాగుతూ పచ్చిమామిడి బద్ద నంజుకున్నారు. గడ పట్టుకున్న అరచేతులు ఎర్రగా కందిపోయాయి. ఆమె వాటిని కొంగులో దాచుకుంది.

"ఆ దేశంలో కూడా ఇట్టాగే వెతికేవాడివా?"

"అక్కడ దొరక్కూడదని వెతికేవాళ్ళం పెద్దమ్మా."

"మరి దొరికితే?"

"పక్కనే బోర్లా పడుకుని చేత్తో మట్టి తీసేవాళ్ళం. చంటిబిడ్డ మీద దుప్పటి తీసినట్టు తియ్యాలని మా సుబేదారు చెప్పేవాడు." అతను ఎప్పుడూ ఎవరితోనూ ఇంతసేపు ఆ మాటలు మాట్లాడలేదు. "సలోమోనని నా జతగాడు ఉండేవాడు. మన ఆగిరిపల్లివాడే. వాడు అక్కడే ఉండిపోయాడు. రోడ్డు పక్కన ఒక కొండవాలు, ద్రాక్షతీగలు. వాళ్ళమ్మకి ఆ చోటు ఎట్టా ఉంటుందో చెప్పాను. మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేది."

"అదృష్టవంతురాలు," అంది సవరమ్మ.

మధ్యాహ్నం దక్షిణం వైపు నడిచారు. అక్కడా ఏమీ పలకలేదు. పెట్టెలో బ్యాటరీ నీరసిస్తున్నట్టు ధ్వని పలచబడింది. సువర్ణరాజు నిలబడి తోటంతా ఒకసారి చూశాడు. చెట్లు వరసలు తప్పకుండా ఉన్నాయి, ఒక్కచోట తప్ప. నడిమి వరసలో ఒక చెట్టు లోటు. ఆ ఖాళీలోనే ఏటా కాయలు రాశి పోసి, గంపలకెత్తి, బండ్లకి ఎక్కిస్తారు.

"అక్కడ చెట్టెందుకు లేదు పెద్దమ్మా?"

"రెండుసార్లు నాటారు. రెండుసార్లూ కుంగి చచ్చిపోయింది. చెదలన్నారు. మళ్ళా మట్టి పోసి వదిలేశారు."

కిందటేడు చిన్నచుట్టతో అతను అక్కడా వెతికాడు. అడుగడుక్కీ కూత. బండిమేకులు, ఎద్దుల లాడాలు, తెగిన గొలుసుముక్కలు. విసిగిపోయి వదిలేశాడు. పెద్దచుట్టకి ఆ గోల వినపడదు గదా అని ఇప్పుడు తోచింది.

ఖాళీ చివరినుంచి మొదలుపెట్టారు. మేకులు నిండిన నేల మీద చుట్ట మాట్లాడకుండా సాగింది. నడిమికి వచ్చేసరికి ధ్వని లేచింది. ఒక్కసారిగా కాదు. ఎక్కడో దూరపు పొలంలో మోట తోలేవాడు కూనిరాగం ఎత్తుకున్నట్టు, లావుగా, నిదానంగా పైకి లేచి, నిలబడి, ముందుకు నడిచేకొద్దీ దిగిపోయింది.

"ఆగు పెద్దమ్మా."

అతని కాలు గాల్లోనే ఆగింది. వెనక సవరమ్మ కాలు కూడా.

వెనక్కి నడిచారు. మళ్ళీ లేచింది. ఎక్కువగా పలికినచోట ముగ్గుగీత గీశాడు. తర్వాత దారి మార్చి, ఉత్తరం నుంచి దక్షిణానికి నడిచి ఇంకో గీత గీశాడు. రెండు గీతలూ ఒకదాన్నొకటి కోసుకున్నచోట నిలబడ్డారు. ఆమె ఏమీ అడగలేదు. అతను చెవిదొప్పలు తీసి ఆమె నెరిసిన జుట్టు మీద పెట్టి, చుట్టను మెల్లగా అటూ ఇటూ జరిపాడు.

ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "ఏంటి నాయనా ఇది? ఏడుస్తున్నట్టుంది."

"ఏడవడం కాదు పెద్దమ్మా. ఇక్కడున్నానంటోంది."

ఆమె రెండు చేతులతో చెవిదొప్పలు అదిమిపట్టుకుని చాలాసేపు విన్నది.

గొడుగు పట్టుకుని నారాయణరావుగారు వచ్చేసరికి ఇద్దరూ అక్కడే కూర్చుని ఉన్నారు. ఆయన ముగ్గుగీతలు చూశారు.

"ఇదేంటయ్యా సువర్ణరాజూ, ఇక్కడ బండ్లు విరిగి ఎన్ని మేకులు రాలాయో. అవి కావని ఏంటి నమ్మకం?"

"మేకులైతే ఈ చుట్టకి వినపడవండి. చూపిస్తానుండండి."

చుట్టను దూరంగా పెట్టి, తోట పాకలోంచి పొడుగాటి ఇనపచువ్వ తెచ్చి గీతలు కలిసినచోట దించాడు. వానకి మెత్తబడ్డ నేల కదా, మెలిపెట్టి నొక్కేకొద్దీ దిగింది. చువ్వ నడుందాకా, మోకాటిదాకా తగ్గుతూ వచ్చింది. పైన జానెడు మాత్రం మిగిలినప్పుడు ఆగింది. ఎత్తి మళ్ళీ దించాడు. లోపల బోలుగా, ఖాళీ గాబును తట్టినట్టు చప్పుడైంది. ముగ్గురికీ వినపడింది. నారాయణరావుగారు గొడుగు ముడిచేశారు.

చువ్వ పైకి లాగాడు. కొసకు మట్టి, మట్టిలో ఎర్రగా తుప్పు. సవరమ్మ ఆ తుప్పును చూపుడువేలితో తీసుకుని బొటనవేలితో రాసి చూసింది.

"బాన," అంది. "కొత్తబాన అది. కొన్నరోజున నాకు చూపించాలని ఎత్తుకొచ్చాడు మా మావ, అంత బరువూ భుజాన పెట్టుకుని. దొర తిట్టాడు."

"ఇక్కడేనా, సవరమ్మా," అన్నారు నారాయణరావుగారు మెల్లగా.

"ఇక్కడేనండి. నేను కూచుని కాయలేరే చోటే." ఆమె అరచేత్తో నేలను తడిమింది. "ఏటా ఇక్కడే గదండీ కూచునేది. ఆడవాళ్ళం నవ్వుకుంటా, పాడుకుంటా. అవన్నీ విన్నాడన్నమాట."

రాలిన పండు మీద ఈగలు లేచి మళ్ళీ వాలాయి.

"ఎందుకైనా మంచిది, నుయ్యి ఇంకా దూరంగా పడమటిగట్టుకి మారుస్తాలే. ఇక్కడ రాయేదన్నా పాతిద్దామా?"

"వద్దండి. కాయలు పోసుకోండి. ఆయనకి నలుగురి అలికిడుంటే ఇష్టం."

పొద్దువాలుతుండగా పక్కతోట నుంచి ఆఖరి కలెక్టరు మామిడికాయలతో చింతలపూడి వెళ్ళే బండి తోట గేటు దగ్గర ఆగింది. సువర్ణరాజు వెదురుగడ కట్లు విప్పుతున్నాడు. సవరమ్మ పాకలోకి వెళ్ళి ఒక చిన్న మూటతో తిరిగొచ్చింది. బండివాణ్ణి చోటుందా అని అడుగుతుంటే విని అతను లేచి వెళ్ళాడు.

"ఇదేంటి పెద్దమ్మా? ఇన్నాళ్ళకి దొరికితే ఇప్పుడా పోవడం?"

"దొరక్కనేగా నాయనా ఉంది. ఎక్కడున్నాడో తెలీకుండా వదిలేసి ఎట్టా పోతాను? ఇప్పుడు తెలిసింది. నువ్వూ అయ్యగారూ ఎరుగుదురు. ఇంకెవరూ ఆయన్ని పొడవరు." ఆమె మూట చంకకి సర్దుకుంది. "పిల్లకి నెలలు నిండినయ్. పోయినసారి కాన్పుకీ పోలేదు నేను. అమ్మా నీకు నేనెక్కువా ఆ తోటెక్కువా అని ఏడ్చింది."

"మళ్ళీ వస్తావా?"

"కోతలకి వస్తే వస్తా. ఒళ్ళు సహకరించాలిగా." ఆమె కందిపోయిన అరచేతిని అతని చెంపకి ఆనించింది. చెయ్యి వెచ్చగా, గరుగ్గా ఉంది. "అమృతమ్మకి చెప్పు. దాని చేతులు చల్లగా ఉండాలి."

వెళ్ళే ముందు ఆమె ఒక్కతే తోట నడిమికి నడిచింది. ఈసారి అడుగులు మామూలుగా, పూర్తిగా నేలకి ఆనాయి. గీతలు కలిసినచోట వంగి ఏదో సర్దింది. ఆమె మాటలు వినాలని అతను అనుకోలేదు, కానీ అతని చెవులు అతని చేతిలో ఉండేవి కావు.

"పోతున్నా మావా. నువ్వు చూడని పిల్ల దగ్గరికే. పాతికేళ్ళది అదిప్పుడు. నీ ముక్కే వచ్చింది."

బండి కదిలింది. గేటు దాటి, చెరుకుచేల మలుపు తిరిగేదాకా కాయల రాశి మీద ఆమె తెల్లచీర కనిపించింది. తర్వాత ఇరుసు కిర్రుమనడం మాత్రమే వినిపించింది. ఆ చప్పుడు చాలాదూరం దాకా అతనికి వినపడుతూనే ఉంది.

సువర్ణరాజు చుట్టను భుజానికెత్తుకుని తోట నడుమనుంచి ఇంటిదారి పట్టాడు. ఖాళీ జాగా దగ్గరకొచ్చేసరికి, తనకు తెలియకుండానే పక్కకి తప్పుకుని నడిచాడు. ముగ్గుగీతలు కలిసినచోట, గంపల కింద నెత్తిన పెట్టుకునే ఆమె చుట్టకుదురు ఉంది. పాతచీర పేలికలు మెలిపెట్టి చేసినది, మామిడి సొనకి నల్లబడి, ఏళ్ళ బరువుకి ఒకపక్క అణిగిపోయి, నడుమ ఆమె నడినెత్తి అంత గుంటతో, తడినేల మీద కదలకుండా ఉంది.